ఎవరూ అందుకోని తాళంచెవి

లలిత తాళంచెవిని పెద్దమేడం బల్ల మీద పెట్టింది. ఎవరూ అందుకోలేదు.

నేను ఆ గదిలోనే, తలుపు పక్క బెంచీ మీద కూర్చుని ఉన్నాను. మహబూబాబాద్ నుంచి వెళ్తే నెల్లికుదురు దాటాక వచ్చే ఒక ఊరి ప్రభుత్వ ఉన్నత పాఠశాల అది. ఊరి పేరు రాయను. ఇందులోని వాళ్లు కొందరు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు. రాష్ట్రం ఇస్తున్నామని ఢిల్లీ నుంచి మాట వచ్చి కొన్ని వారాలే అయింది. ఊరేగింపులు ఇంకా సాగుతున్నాయి. ఆ పూట ఊళ్లో ఒకటి జరిగితే ఉపాధ్యాయులంతా అందులో నడిచి నేరుగా ఈ గదికి వచ్చారు. చొక్కాల మీదా జుట్టులోనూ గులాల్. బయట డప్పు ఇంకా మోగుతోంది.

లలిత ఆ బడిలో పిల్లలకు కంప్యూటర్ చెప్పేది. ఆమెను పెట్టుకున్నది ప్రభుత్వం కాదు, ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న ఒక కంపెనీ. ఒప్పందం గడువు ఆ రోజుతో ముగిసింది. యంత్రాలు బడికి ఉండిపోతాయి, మనిషి వెళ్లిపోవాలి. వెళ్లేముందు గదిని ఎవరికైనా అప్పగించాలి.

"మేడం, గిది కంప్యూటర్ రూమ్ తాళంచెవి. ఎవలన్న ఒకరు తీసుకోవాలె" అంది.

పెద్దమేడం పేరు మేరీ. డోర్నకల్ నుంచి రోజూ రైల్లో వచ్చి, మహబూబాబాద్‌లో దిగి బస్సు పట్టుకునే మనిషి. కళ్లజోడు తీసి ఉపాధ్యాయుల వైపు చూశారు.

"యాదగిరి సార్, మీరు తీసుకోరాదు?"

"నేనా మేడం? ఆ డబ్బ ఆన్ చేసుడే నాకు రాదు. తీసుకపోయి ఏం జేయాలె, దండేసి మొక్కాల్నా?"

అందరూ నవ్వారు. లలిత కూడా నవ్వింది. నవ్వు అయిపోయాక చూస్తే తాళంచెవి ఉన్నచోటే ఉంది. మేడం ఒక్కొక్కరి పేరే పిలిచారు. ఒకరికి కళ్లు కనబడవు, ఒకరు బదిలీ మీద ఉన్నారు, ఒకరికి సైన్సు గదే చాలు. చివరికి "సరే, తర్వాత చూద్దాం" అన్నారు.

లలిత తలుపు వైపు తిరిగింది. "మరి నేను పోతున్న మేడం" అంది.

ఆ గదిలో ఆమెకు చెడు జరగాలని కోరుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. అందరికీ ఆమె అంటే ప్రేమే. ఆమె కొలువు నిలబెట్టాలని వాళ్లు చేసిన పనే ఆ తాళంచెవిని బల్ల మీద ఒంటరిగా వదిలేసింది. నా ముప్పై ఏళ్ల విలేకరి జీవితంలోంచి ఎవరైనా ఒక్క వార్త గురించి చెప్పమంటే నేను ఇదే చెబుతాను. అందులో ఉపన్యాసం లేదు, లాఠీచార్జి లేదు. ఎవరూ అందుకోని ఒక తాళంచెవి మాత్రమే ఉంది.

నా పని

జనగామలో మొదలుపెట్టాను, మహబూబాబాద్‌లో చాలాకాలం ఉన్నాను, భూపాలపల్లిలో ముగించాను. ఉద్యమం రోజుల్లో ఈ మూడూ ఒకే జిల్లాలో ఉండేవి. ఇప్పుడు మూడు జిల్లాలు. ఈ పనిలోకి వస్తున్న కుర్రవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది పరిచయాల గురించి, ఎవరి దగ్గర ఏ వార్త దొరుకుతుందని. వార్త ఎక్కడైనా దొరుకుతుంది. దానితో కూర్చునే ఓపిక దొరకదు.

ఇది ఒంటరి పని అని మాకు ఎవరూ చెప్పలేదు. ఊరేగింపులో నడిచేవాడికి పక్కన ఇంకో మనిషి ఉంటాడు, భుజం తగులుతుంది, నినాదానికి బదులు వస్తుంది. రాసుకునేవాడు అదే రోడ్డు మీద అంతే దూరం నడుస్తాడు, కానీ అంచున నడుస్తాడు. ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో ఊళ్లన్నీ రోడ్ల మీదే వండుకుని తిన్నాయి. నన్నూ పిలిచి విస్తరి వేసేవాళ్లు. తినేవాణ్ని. కానీ నా ముందు కూర్చున్నవాడు అన్నం కలుపుతూనే "సార్, మా ఊరి పేరు తప్పు రాయకుండ్రి" అనేవాడు. అప్పుడు నేను బంతిలో కూర్చున్న మనిషిని కానని గుర్తొచ్చేది.

పిల్లల చదువుల కోసం ఇల్లు హన్మకొండలో ఉండేది. నేను మహబూబాబాద్ స్టేషన్ దగ్గర ఒక గది తీసుకున్నాను. సాయంత్రం వార్తలు పంపేశాక ప్లాట్‌ఫాం మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచేవాణ్ని. డోర్నకల్ వైపు పోయే బండ్లలో రైల్వే వాళ్లు డ్యూటీ దిగి ఇళ్లకు పోతుండేవారు. మూడుసార్లు కనిపించినవాడు నాలుగోసారి తల ఊపేవాడు. మాట్లాడుకున్నది లేదు. ఆ తల ఊపడం కోసం నేను వేళ తప్పకుండా వెళ్లేవాణ్ని.

గది బయట చెప్పులు

బడులకు కంప్యూటర్లు వచ్చిన కొత్తలో వాటిని దేవుడి గదిలా చూసేవారు. ప్రారంభోత్సవాలు చాలా చూశాను. యంత్రాలకు పసుపు బొట్లు, గుమ్మానికి మామిడాకులు, కొబ్బరికాయ. దుమ్ము పడితే పాడవుతాయని చెప్పులు బయట విడవాలి. జనగామ దగ్గర ఒక బడిలో కొబ్బరికాయ కొట్టగానే కరెంటు పోయింది. నల్లటి తెరల ముందు నిలబడి పెద్దలు ఫోటో దిగారు. మరుసటి రోజు మా పేజీలో అదే ఫోటో వచ్చింది. ఎవరికీ తేడా తెలియలేదు.

పథకం ఎలా ఉండేదో రెండు మాటల్లో చెప్తాను. ప్రభుత్వం డబ్బు పెడుతుంది. కంపెనీ యంత్రాలు పెట్టి, చెప్పే మనుషుల్ని పెట్టి కొన్నేళ్లు నడిపిస్తుంది. ఆ కొన్నేళ్లలోనే ఈ మనుషులు బడిలోని అసలు ఉపాధ్యాయులకు కూడా నేర్పాలి. గడువు అయ్యాక కంపెనీ తప్పుకుంటుంది. అప్పటికి నేర్చుకుని ఉన్న ఉపాధ్యాయులు పాఠం కొనసాగిస్తారు. కాగితం మీద చూస్తే ఇందులో తప్పేమీ కనబడదు. నాకూ కనబడలేదు. గదికి నిధులున్నాయి, యంత్రానికి ఉన్నాయి, ఉపాధ్యాయుల శిక్షణకు ఉన్నాయి. నేర్పే మనిషి ఆ తర్వాత ఏమవ్వాలన్నదానికి మాత్రం ఏమీ లేదు. ఆ మనిషి ఎంత బాగా నేర్పితే అంత తొందరగా తన అవసరం తీరిపోతుంది.

గుగులోతు లలితను నేను మొదట చూసింది ఈ బడిలోనే, మరేదో వార్త కోసం పోయినప్పుడు. దగ్గరి తండా పిల్ల. డిగ్రీ చదివి, మహబూబాబాద్‌లో కంప్యూటర్ నేర్చుకుంది. తండా పిల్లలకు తెలుగులో అర్థం కాకపోతే తమ భాషలోకి మారి చెప్పేది, మళ్లీ తెలుగులోకి వచ్చేది. కంపెనీ ఇచ్చిన పాఠాల సీడీలో ఒక గొంతు కోస్తా తెలుగులో "చూశారా పిల్లలూ" అని మొదలుపెట్టేది. పిల్లలు ఆ గొంతును అనుకరించి పడీ పడీ నవ్వేవాళ్లు. ఇన్నేళ్లూ సినిమాలు మా మాటను చూసి నవ్వాయి కదా, వీళ్లను నవ్వనీ అనుకున్నాను. లలిత శబ్దం తగ్గించి తనే చెప్పేది.

స్టాఫ్‌రూంలో ఆమెకు కుర్చీ లేదు. రావద్దని ఎవరూ అనలేదు. ఒకరు లేస్తేగానీ ఇంకొకరికి చోటు లేని గది అది. మధ్యాహ్నం డబ్బా కంప్యూటర్ గదిలోనే తినేది. బడి వదిలాక నేను పోతే గది బయట ఒక్క జత చెప్పులు కనిపించేవి. లోపల ఆమె ఉందని దాన్నిబట్టి తెలిసేది.

టెంటు కింద

తాళంచెవి రోజుకు రెండేళ్ల ముందు, రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి. మండల కేంద్రంలో టెంటు వేసి ఉపాధ్యాయులు రోజూ కూర్చునేవాళ్లు. యాదగిరి సార్ ఆ టెంటుకు పెద్దదిక్కు. లెక్కల ఉపాధ్యాయుడు, గొంతు పెద్దది, ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆయన బండే కదిలేది.

లలిత కూడా టెంటు కింద ఆడవాళ్ల వైపు కూర్చునేది. ఒకరోజు నేను పేర్లు రాసుకుంటూ ఆమె దగ్గరకు వచ్చి ఆగాను. "లలిత, కంప్యూటర్..." అని రాసి, ఏమని రాయాలో తెలియక ఆమె ముఖం చూశాను.

"నన్ను రాయకన్నా. నేను సమ్మెల లెక్క కాదు" అంది.

"అదేంది?" అన్నారు యాదగిరి సార్ అటునుంచి.

"సర్కారు నౌకరి చేసేటోళ్లది సమ్మె సార్. నాది సర్కారు నౌకరి కాదు. కంపెనీ లెక్కల బడి బందున్నది, గంతె. నేను పని చేస్తలేను, సమ్మె గూడ చేస్తలేను. ఉత్తగ కూసున్న."

టెంటు కింద కొందరు నవ్వారు. యాదగిరి సార్ నవ్వలేదు. ఇన్నాళ్లు ఒకే బడిలో ఉండి ఆయనకు ఆ సంగతి తెలియదు. ఇంకా అడిగారు. గడువు ఎప్పటిదాకా, ఆ తర్వాత ఎవరు చెప్తారు అని. ఆమె చెప్పింది. మీకు నేర్పి నేను పోవాలె సార్, గట్లనే రాసుకున్నరు అంది.

ఆయన మైకు తీసుకున్నారు. అప్పటికి కొన్ని నెలల ముందే ఉద్యోగులంతా ఆఫీసుల్లో కూర్చుని పని ముట్టకుండా సహాయ నిరాకరణ చేసి ఉన్నారు. ఆ మాట ఇంకా అందరి నాలుక మీద ఉంది.

"ఇగో, అందరు ఇనుండ్రి. ఈ పిల్ల మనకు కంప్యూటర్ నేర్పిన రోజు ఈ పిల్ల కొలువు పోతదట. మనం నేర్సుకోకపోతె? సర్కారుకు ఈ పిల్ల తప్ప దిక్కు లేదు. ఉంచుకోక ఏం జేస్తది? గందుకే మనం నేర్సుకోం. గిది మన సహాయ నిరాకరణ. లలితమ్మ కొలువు పక్కా చేసిన రోజు ఒక్కొక్కలం బుద్ధిగ కూసోని నేర్సుకుందం. ఒప్పుకున్నట్టేనా?"

చప్పట్లు మోగాయి. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో లలిత తలను దగ్గరికి తీసుకున్నారు. ఆమె కళ్లు తుడుచుకుంది. ఆ క్షణంలో అది నాకూ మంచి ఆలోచనగానే తోచింది. ఆ రోజుల్లో ముట్టకపోవడం, కదలకపోవడం, చేయకపోవడం పెద్ద ఆయుధాలు. అవి పనిచేయడం మేం కళ్లారా చూస్తున్నాం. వేరే కాలంలో, వేరే చోట ఎవరికీ ఆ ఆలోచన వచ్చేది కాదేమో.

సమ్మె ముగిశాక టెంటుకు కట్టిన ఫ్లెక్సీలు యాదగిరి సారే మడిచి తెచ్చి లలితకు ఇచ్చారు. కంప్యూటర్ గది పైకప్పు కురుస్తుండేది. "గివి కప్పు బిడ్డా, వాన తగలదు" అన్నారు. ఆమె ఒక్కో యంత్రానికి ఒక్కో ముక్క కోసి కప్పింది.

జనగామలో శిక్షణ

తర్వాతి ఎండాకాలం ఉపాధ్యాయుల శిక్షణ పెట్టారు. జనగామలో ఒక కళాశాలలో యంత్రాలు ఎక్కువ ఉన్నాయని మా వైపు వాళ్లను కూడా అక్కడికే పిలిచారు. నేర్పేవాళ్లలో లలిత ఉంది. నాకు పాత ఊరు కాబట్టి చూసిపోదామని నేనూ వెళ్లాను.

హాలు నిండా మన టెంటు కింద కూర్చున్న ఉపాధ్యాయులే. లలిత ముందు నిలబడి, "సార్లు, మేడంలు, ముందుగాల మౌస్ మీద చెయ్యి పెట్టుండ్రి" అంది.

ఎవరూ పెట్టలేదు. చేతులు కట్టుకుని చిరునవ్వుతో ఆమెనే చూస్తున్నారు. పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తున్నారు.

"పెట్టుండ్రి సార్, ఏం గాదు."

"పెట్టం బిడ్డా" అన్నారు యాదగిరి సార్ ముందు వరుసలోంచి. "నువ్వు చెప్పుడు చెప్పు. మేం ఇంటం. నేర్సుకోం."

హాలంతా గొల్లుమంది. లలిత కూడా నవ్వి, మళ్లీ పాఠంలోకి వచ్చింది. మీటలు ఏమిటో చెప్పింది. తెర మీద అక్షరాలు ఎలా వస్తాయో చెప్పింది. ఆమె చెప్పడం బాగుంటుంది. వినేవాళ్ల ముఖాల్లో వినడం కనిపిస్తోంది. వెనక వరుసలో ఒక టీచరమ్మ మెల్లగా తన పేరు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పక్కనున్న ఆమె మోచేత్తో పొడిచింది. "ఏంది వదినా, ఆ పిల్ల కొలువు తీస్తవా?" అంది గుసగుసగా. టీచరమ్మ చేతులు ఒళ్లోకి తీసుకుంది.

మధ్యాహ్నం భోజనాలు. శిక్షణకు వచ్చిన నిధుల్లో కంటికి కనిపించింది ఆ భోజనమే. బాగా పెట్టారు. టోకెన్లు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఇచ్చారు. నేర్పడానికి వచ్చినవాళ్లకు ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు. యాదగిరి సార్ తన టోకెన్ మీద పళ్లెం నింపుకుని లలిత కోసం వెతికారు. ఆమె హాల్లోనే ఉంది, ఆన్‌లో ఉన్న యంత్రాలు ఒక్కొక్కటే ఆపుతూ.

"తిను బిడ్డా. జర కూర ఎక్కువేయించిన."

"మీరు సార్?"

"నాకు షుగరున్నది. గంత తినొద్దన్నరు."

ఆయనకు షుగర్ లేదు. తర్వాత బయట నిలబడి టీలో రెండు బిస్కెట్లు ముంచుకుని తిన్నారు.

సాయంత్రం ప్యాసింజరు బండిలో నేనూ లలితా ఒకే పెట్టెలో ఎక్కాం. మిగతావాళ్లు వేరే పెట్టెలో పాటలు పాడుకుంటున్నారు. కాజీపేట దాటాక ఆమె నా వైపు తిరిగింది.

"పేపర్ల రాస్తవా అన్నా?"

"రాస్త. ఏం రాయమంటవ్?"

"సార్ల పేర్లు రాయకు. వాళ్లు నా కోసమే చేస్తున్నరు. మా తండల సుత నా కోసం ఎవలు గట్ల మాట్లాడలె." కిటికీ వైపు తిరిగింది. "గని వారం సంది పాఠం తయారు చేసుకున్న అన్నా. ఎవలకు ఏది కష్టమైతదో అని ఒక్కొక్కలను మనసుల పెట్టుకొని రాసుకున్న. అందరు నా దిక్కే ఉన్నరు. అయినా పొద్దంత నేనొక్కదాన్నే మాట్లాడిన."

"కోపమొచ్చిందా?"

"ఎట్లొస్తదన్నా? తిడితె తిరిగి తిట్టొచ్చు. అన్నం తెచ్చి పెట్టినోళ్లను ఏమంటం?" మళ్లీ కాసేపటికి, "నేను పోయినా పోత. ఒక్కరన్న నేర్సుకుంటె గది బందు గాకుంట ఉంటది" అంది.

ఈ మాట నేను రాసుకున్నాను. ఆమె నాతో చెప్పినవాటిలో వార్త అంటే అదొక్కటే.

శీర్షిక

వార్త రాసి పంపాను. లలిత మాటను చివరి పేరాలో పెట్టాను. మంచి మాట చివర ఉండాలని కథలు రాసేవాళ్లు అనుకుంటారు. దినపత్రికలో చోటు చాలకపోతే కోత చివరి నుంచే మొదలవుతుంది. కొత్తగా వచ్చేవాళ్లు ఇది మొదటి రోజే తెలుసుకోవాలి.

మా డెస్క్ ఇన్‌చార్జి సుదర్శన్ గారు. మనిషి మంచివాడు. జ్వరంతోనూ పేజీ పెట్టేవారు. ఉద్యమం ఆయనకు వార్త కాదు, ఊపిరి. ఫోన్ చేసి, "స్టోరీ అదిరింది. కొంచెం సరిచేస్తున్నా" అన్నారు. మర్నాడు చూస్తే శీర్షిక "నేర్చుకోం... నిలదీస్తాం!" అని ఉంది. కింద "ఉపాధ్యాయుల వినూత్న నిరసన" అని చిన్న అక్షరాలు. ఫోటోలో చేతులు కట్టుకున్న ఉపాధ్యాయులు. లలిత మాట లేదు.

ఆ రోజుల్లో మా పేజీల్లో అన్నీ వినూత్న నిరసనలే. రోడ్డు మీద వంట, రోడ్డు మీద పాఠం, రోడ్డు మీద క్షవరం. చాలావాటికి ఆ పేరు తగినదే. వాటన్నిటికీ ఎదురుగా ఒకడు ఉన్నాడు. వాడి పని ఆగుతుంది, వాడికి నష్టమవుతుంది, వాడు దిగివస్తాడు. ఈ ఒక్కదానికి మాత్రం ఎదురుగా ఎవరూ లేరు. ఉపాధ్యాయులు నేర్చుకోకపోతే నష్టపోయే అధికారి ఒక్కడూ లేడు. శిక్షణ జరిగినట్టు రాసుకున్నారు, నిధులు ఖర్చయినట్టు రాసుకున్నారు. నేర్చుకున్నారా అని అడిగే గడి ఏ కాగితంలోనూ లేదు. నిరసన జరిగిందని ప్రభుత్వానికి తెలిసే దారి మా పేపరొక్కటే. పేపర్లో అది మిగతా నిరసనల మధ్య కలిసిపోయింది.

నేను మళ్లీ బడికి పోయేసరికి ఆ కత్తిరింపు స్టాఫ్‌రూం గోడ మీద అట్టకు అంటించి ఉంది. యాదగిరి సార్ నా చేతులు పట్టుకున్నారు.

"మంచిగ రాసినవన్నా. పక్క మండలాలోళ్లు సుత ఫోన్లు చేస్తున్నరు. ఆడ గూడ నేర్సుకోమంటున్నరట."

ఆ శీర్షిక నేను పెట్టింది కాదు. ఊళ్లో మాత్రం అది నేను రాసిందే. లలిత మాట సంగతి ఆయనకు చెప్పాను. రైల్లో ఇలా అంది సార్, ఒక్కరైనా నేర్చుకోవాలంది అని. ఆయన నవ్వి, "చిన్న పిల్ల. దానికేం తెలుసన్నా, పోరాటమంటె గట్లనే ఉంటది" అన్నారు.

ఉద్యమం గెలిచింది. గెలిచిన కొన్ని వారాల్లోనే ఒప్పందం గడువు ముగిసింది. అప్పుడు జరిగిందే మొదట చెప్పాను.

తాళంచెవి పెట్టేసి బయటకు వచ్చిన లలిత వెంట నేను గేటు దాకా నడిచాను. కంప్యూటర్ గది ముందు ఒక్క నిమిషం ఆగింది. అలవాటుగా చెప్పులు విడవబోయి, తాళం చూసి మానుకుంది.

"పిల్లలకు చెప్పినవా?" అన్నాను.

"ఊరేగింపుల ఉన్నరన్నా. ఖుషీగ ఎగురుతున్నరు. గిప్పుడెందుకు పరేషాన్ చేసుడు?"

ఆటో వచ్చింది. డప్పు శబ్దం వల్ల డ్రైవరుకు ఊరి పేరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. యాదగిరి సార్ వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, "రాష్ట్రం మనదైతుంది బిడ్డా, మల్ల పిలిపిస్తం, ఫోన్ దగ్గర పెట్టుకో" అన్నారు. ఆయన ఆ మాట నమ్మే అన్నారు. ఆమె తల ఊపింది.

ఘనపూర్‌లో

చివరి కొన్నేళ్లు నన్ను భూపాలపల్లికి వేశారు. బొగ్గు గనుల ఊరు, షిఫ్టు సైరన్‌తో లేచే ఊరు. అప్పటికి వార్త ఫోన్లోనే వచ్చి ఫోన్లోనే పోతోంది. మనుషుల దగ్గరకు వెళ్లాల్సిన పని తగ్గింది. నేను అలవాటు కొద్దీ వెళ్లేవాణ్ని. అలా ములుగు వైపు ఘనపూర్ పోయినప్పుడు బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్ ముందు చెప్పులు విడిచి ఉన్నాయి. "చెప్పులు బయటే వదలండి" అని అట్ట ముక్క మీద రాసి ఉంది. లోపలికి చూశాను.

"అన్నా" అంది లలిత లేచి. పెళ్లయింది, అత్తగారిది ఈ వైపు. కొత్త రాష్ట్రంలో తనను ఎవరూ పిలవలేదని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

టీ తెప్పించింది. ఎక్కువగా వచ్చేది ఉపాధ్యాయులేనని నవ్వుతూ చెప్పింది. బదిలీలు, సెలవులు, సర్వీసు వివరాలు అన్నీ ఇప్పుడు ఆన్‌లైన్లోనే. "ఫోన్ల అయ్యేటియి సుత నాతోనే చేపిచ్చుకుంటరు. చూస్తరు, నేర్సుకోరు."

తర్వాత గొంతు తగ్గించి, "యాదగిరి సార్ వచ్చిండన్నా" అంది.

"ఇంత దూరమా?"

"రెండు బస్సులు మారి వచ్చిండు. రిటైరైండు గదా, పింఛన్ కాగితాలు పెట్టాల్నట. మహబూబాబాద్‌ల ఎన్ని సెంటర్లు లేవు? ఈడికే వచ్చిండు. నేను కొడుతుంటె పక్కన కూసోని చూసిండు. పనైపోయినంక, 'బిడ్డా, గిప్పుడు నేర్పు' అన్నడు."

"నేర్పినవా?"

"మౌస్ మీద చెయ్యి పెట్టుండ్రి సార్ అన్న. పెట్టిండు. తన పేరు కొట్టెటాలకు బస్సు పాయె. ఇంకో బస్సు దాక కూసున్నడు. మల్ల మల్ల గదే పేరు కొట్టిండు." ఆమె కప్పులు పక్కకు జరిపింది. "ఆ తాళంచెవి సంగతి ఆయన తియ్యలె, నేను తియ్యలె."

ఒక ఉపాధ్యాయుడు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. లలిత అటు తిరగబోతూ అడిగింది:

"గది తీసిండ్రా అన్నా? నీకేమన్న తెలుసా?"

నాకు తెలియదు. అలా తెలియనిదాన్ని తెలుసుకుని చెప్పడమే నా పని కాబట్టి కనుక్కుంటానన్నాను.

తాళం

అన్నాను కానీ ఉద్యోగంలో ఉండగా పోలేకపోయాను. రిటైరయ్యాక పోయాను. ఫోన్ మోగని రోజులు ఎలా గడపాలో నాకు ఎవరూ నేర్పలేదు. అందుకని ఒక రోజు మహబూబాబాద్ బండి ఎక్కాను. ప్లాట్‌ఫాం మీద చివరిదాకా నడిచాను. తల ఊపేవాళ్లెవరూ లేరు.

బడికి రంగు వేశారు. మేరీ మేడం రిటైరై డోర్నకల్‌లోనే ఉంటున్నారట. కొత్త ప్రధానోపాధ్యాయుడు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన బల్ల పక్కన తెల్లటి అట్టపెట్టెలున్నాయి. కొత్త యంత్రాలు వచ్చాయట, పెద్ద తెరతో. ఎక్కడ పెట్టాలో చూస్తున్నామన్నారు. శిక్షణకు ఒకరి పేరు పంపమని అడిగారట. ఎవరి పేరు పంపాలో ఇంకా అనుకోలేదు.

పాత కంప్యూటర్ గది చూస్తానన్నాను. ఆయనే వెంట వచ్చారు. తలుపుకు తాళం ఉంది. కిటికీ రెక్క కొంచెం వదులుగా ఉంటే పక్కకు లాగి చూశాను. యంత్రాలు వరుసగా అలాగే ఉన్నాయి. వాటి మీద ఫ్లెక్సీ ముక్కలు. గులాబీ రంగు వెలిసి తెల్లబడింది. ఒక ముక్క మీద "జై" అన్న అక్షరం చదవడానికి వస్తోంది.

"తాళంచెవి?" అన్నాను.

"మేడం పోయేటప్పుడు సొరుగుల ఉన్నదన్నరు సార్. వెతికినం, లేదు. ఎవరు తీసిండ్రో ఎవరికీ తెల్వది."

"తాళం పగలగొట్టొచ్చు కదా?"

ఆయన నా వైపు చూసి, తర్వాత తాళం వైపు చూశారు.

"పగలగొట్టినోని మీద గది బాధ్యత పడ్తది సార్. లోపల ఏం పోయింది, ఏం పాడైంది అన్నీ ఆయనే చెప్పాలె. గందుకే ఎవరు ముట్టుకోరు."

ఘనపూర్‌కు ఫోన్ చేసి లలితకు ఇదే చెప్పాను. గది అప్పగింత ఇప్పటిదాకా ఎవరూ తీసుకోలేదు. తాళం పాతదే, ఆమె వేసి వెళ్లిందే.